ఏడో నీళ్లు

మొన్న మా మనవరాలు ఫోనులో చూసి తెప్పించుకున్న ఎర్ర చుడీదారును బకెట్లో నానబెట్టి టిఫిను తినడానికి లోపలికి పోయింది. కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి వచ్చి నేను ఆ బకెట్లోకి చూశాను. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. లేత ఎరుపు కూడా కాదు, చిక్కటి ఎరుపు. అక్కడే బండ మీద కూలబడ్డాను. ఆ పిల్ల పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని, "రంగే అవ్వా, దీనికే ఇంత అదిరిపోతే ఎట్లా?" అని నవ్వింది. దాని తప్పేమీ లేదు. కానీ డెబ్బై ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం నేనూ ఆ మాటే, అట్లాగే నవ్వుతూ అన్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్లు ఇంకా కొందరైనా మిగిలి ఉండి ఇది చదువుతారని, చదివి నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోవచ్చునని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక. వాక్యాలు వంకరగా ఉంటే సర్దుకోండి, విషయంలో మాత్రం వంకర లేదు.

మాది ఎమ్మిగనూరు. వీధి వీధంతా మగ్గాల చప్పుడే అయినా మా నాయన మగ్గం ఎక్కినవాడు కాదు, నూలుకూ బట్టకూ రంగు వేసేవాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి, అన్నం కలుపుకునేటప్పుడు కూడా. రంగు వేయడం అందరూ అనుకున్నంత కష్టం కాదు; వేసిన రంగును వదిలించడం కష్టం. బట్ట ఎంత తాగినా, పట్టుకోని రంగు కొంత పోగుల మధ్య దాక్కుని ఉంటుంది. దాన్ని ఏడు నీళ్లలో జాడించి జాడించి బయటికి రప్పించాలి. మొదటి నీళ్లు ఎర్రగా పోతాయి, నాలుగో నీళ్లు గులాబీగా పోతాయి, ఏడో నీళ్లు వట్టి నీళ్లలా ఉండాలి. ఆ ఏడో నీళ్లను మా నాయన తెల్ల పింగాణీ గిన్నెలో పట్టి, బట్ట తీసుకుపోవడానికి వచ్చినవాళ్లకు చూపించి, వాళ్ల ఎదుటే గటగటా తాగేసేవాడు. మా తాతా అట్లాగే చేసేవాడట. రసీదు లేదు, సంతకం లేదు. ఆ గుక్కెడు నీళ్లు గొంతు దిగితే బేరం ముగిసినట్టే, ఆ రంగుకు ఆయనది పూచీ.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఊరి చివర ఒక సంఘం పెట్టారు. ఊళ్లో నేతవాళ్లందరి నూలుకూ బట్టకూ ఒకేచోట రంగు వేసే ఇల్లు. రేకుల కప్పు, వరసగా నాలుగు పెద్ద కాగులు, గోడ మీద దండలు వేసిన పెద్దల పటాలు. తెరిచిన రోజు ఉపన్యాసాలు బాగానే జరిగాయి, బూందీ పంచారు, జనం బూందీ తిని ఇళ్లకు పోయారు. రెండు నెలలు ఒక్క చిలప నూలు కూడా ఆ గడప లోపలికి పోలేదు. కాగుల్లో సాలీళ్లు గూళ్లు పెట్టాయి. హోటలు దగ్గర నేతవాళ్లు ఒకటే ఎకసెక్కాలు. "సర్కారు కాగులో ముంచితే ఏ రంగొస్తాదో ఎవురికి తెలుసప్పా, కాకీ రంగొచ్చినా వస్తాది" అని ఒకడంటే, "నీ పెండ్లాం సీరకు గూడా ముద్రేసి పంపుతారు పో" అని ఇంకొకడు.

ఆ సంఘం సెక్రెటరీ కర్నూలులో చదువుకుని వచ్చిన చిన్నవాడు. మంచివాడే. ఒకరోజు మా ఇంటికి వచ్చి, వేసిన చాప మీద కాకుండా నేల మీదే కూర్చుని, సంఘం రంగు వేసిన ప్రతి బట్టకూ ముద్ర వేస్తారని చెప్పి, మా నాయనను సంఘంలోకి రమ్మని అడిగాడు. మేం పోడనే అనుకున్నాం. ఆయన మాత్రం ఆ రాత్రి అన్నం దగ్గర మా అన్నతో అన్నాడు, "నా గొంతు ఎన్నాళ్లుంటాదిరా? ముద్రయితే ఉంటాది. నా తర్వాత గూడా జనం నమ్మేది ఒగటుండాల." అంతకు ముందు ఆయన అంత పెద్ద మాట మాట్లాడగా నేను వినలేదు.

మరుసటి వారం సంఘం అరుగు మీద నిలబడి, సంఘం కాగులో రంగు వేసిన నూలు ఏడో నీళ్లను తెల్ల గిన్నెలో పోసి, చుట్టూ చేరినవాళ్లకు తిప్పి చూపించి తాగాడు. వీధిలోకెల్లా పెద్ద నేతగాడు ముందుకొచ్చి, "ఏం మామా, తియ్యగుండాయా?" అన్నాడు. "నీళ్లు నీళ్ల మాదిరే ఉండాయిరా. అట్లుంటేనే రంగు నిలిచినట్టు" అన్నాడు నాయన. అంతే. మర్నాటి నుంచి నూలు నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడ్డారు. ఉపన్యాసాలు చేయలేని పని ఒక గుక్క చేసింది. నన్నూ అక్కడే జాడించే పనికి పెట్టుకున్నారు. అప్పటికి నాకు పదిహేడో పద్దెనిమిదో. బట్ట చివర గుండ్రంగా నల్ల ముద్ర వేసేదీ నేనే. అందులో ఏం రాసి ఉందో నాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ ముద్ర ఆదోని అంగళ్ల దాకా పోయింది. దసరాకు దేవరగట్టుకు పోయే పల్లెలవాళ్లు కొత్త పాగాలు కట్టుకుంటారు కాబట్టి, ఆదోని వర్తకులు సంఘానికి ఎర్ర పాగాలు కావాలని పెద్ద ఎత్తున చెప్పారు. సంఘానికి అదే మొదటి పెద్ద పని. ఆ యేడు వాన మొహం చాటేసింది. మా బావి అడుగు కనిపించింది. కడవ కడవకూ ఎంతోసేపు కాచుకుని తోడుకోవాలి. ఆఖరి మూటలకు నేను నాలుగు నీళ్లే జాడించాను. అయిదో నీళ్లకు బావిలో బురద వచ్చింది.

వర్తకులు బండి కట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆ రోజు సరుకు పోకపోతే పండగ దాటిపోతుంది, పండగ దాటితే ఎర్ర పాగా ఎవడికీ అక్కరలేదు, సంఘం నడవదని ఎదురు చూసేవాళ్ల మాట నిజమవుతుంది. సెక్రెటరీ మా నాయన దగ్గరికి వచ్చాడు. "ముద్ర ఉంది కదా పెద్దాయనా, ఈసారికి ముద్ర చాలదా?" అన్నాడు. "ముద్ర నీళ్లు తాగదు సామీ" అన్నాడు మా నాయన. వర్తకులు ఆయన కోసమే చూస్తున్నారు. ఆయన నేను జాడించిన తొట్టి దగ్గరికి వచ్చి వంగి నీళ్లు చూశాడు. గులాబీగా ఉన్నాయి. నేను అలవాటు చొప్పున తెల్ల గిన్నె తీశాను. ఆయన నా మొహంలోకి చూడకుండా, "గిన్నె వద్దుమే. రాగి చెంబు తే" అన్నాడు.

రాగి చెంబులో గులాబీ నీళ్లు పోస్తే ఎరుపు చెంబుదో నీళ్లదో ఎవరు చెప్పగలరు? నాకు అర్థమయింది. అర్థమయీ తెచ్చి ఇచ్చాను. ఆయన అరుగు మీదికి పోయి, చెంబు ఎత్తి, ఎప్పటిలాగే గటగటా తాగాడు. వర్తకులు మూటలు బండికి ఎత్తించారు. తరువాత ఆయన రేకుల ఇంటి వెనక్కి వచ్చి నోరు పుక్కిలించి ఉమ్మాడు. మట్టి మీద ఎర్రగా పడింది. కాలితో మట్టి కప్పి లోపలికి పోయాడు. నేను చూసినట్టు ఆయనకు తెలుసు.

ఆ మూటల వెంట ఆదోనికి పోయింది మా అన్న. అక్కడి నుంచి స్నేహితులతో కలిసి దేవరగట్టుకు పోతానన్నాడు. బయలుదేరుతూ సంఘం పాగా ఒకటి తీసి తలకు చుట్టుకుని, "మనమే కట్టుకోకుంటే ఇంగెవురు కొంటారుమే?" అని నా తల మీద ఒకటి మొట్టి పోయాడు. చెంబు సంగతి వాడికి తెలియదు. నేను చెప్పి ఉండవచ్చు.

ఎండాకాలం నుంచీ చుక్క రాలని ఆకాశం ఆ పండగ తెల్లారి కురిసింది. మధ్యాహ్నానికి కూడా సన్నగా పడుతూనే ఉంది. ఆదోని బస్సు దిగి మా వీధి మగవాళ్లు ఏడెనిమిది మంది నడిచి వస్తున్నారు. దేవరగట్టులో రాత్రంతా సాగే కర్రలాట తలలు పగలకుండా ముగియదని మీకు చెప్పనక్కరలేదు. వాళ్ల నుదుళ్లు, చెంపలు, చొక్కాల మెడలు అన్నీ ఎర్రగా కారుతున్నాయి. వీధిలో ఆడవాళ్లంతా ఒక్కసారిగా కేకలు పెట్టారు. ముందున్నవాడు మొహం తుడుచుకుని చెయ్యి చూపిస్తూ, "ఏడవాకండక్కా, దెబ్బలు కాదు, సంఘం రంగు! అమ్మోరు వదిలినా ఇది మా మొగాలను వదలకుండా ఉండాది" అన్నాడు. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. నవ్వు వీధంతా పాకింది. మా నాయన లోపలే ఉన్నాడు, బయటికి రాలేదు.

మా అన్న అందరికంటే వెనక, కొంచెం తూలుతూ వచ్చాడు. వాడి మొహమూ అందరిలాగే ఎర్రగా ఉంది. మా వదిన, పెళ్లయి ఏడాది కూడా కాలేదు, గుండెలు బాదుకుంటూ ఎదురు పోయింది. నాకు ఆ క్షణాన ఒకటే తొందర. ఆ నవ్వులు నాయన చెవిన పడకుండా వాడిని త్వరగా లోపలికి తోసేయాలి. నా కొంగుతో వాడి కణత ఒక్కసారి తుడిచి, ఎర్రబడ్డ కొంగు వదినకు చూపించి నవ్వాను. "రంగే వదినా, ఊరికే బెదరాకు" అన్నాను. ఆమె వెంటనే ఏడుపు ఆపేసింది. "తల బరువుగా ఉండాదిమే, రాత్రంతా నిద్ర లేదు" అని వాడు పాగాతోనే చాప మీద వాలాడు. మేం పడుకోనిచ్చాం.

దీపాలు పెట్టే వేళకు గురక మారింది. వదిన పాగా విప్పింది. ఎడమ చెవి పైన, చుట్టల కింద, దెబ్బ ఉంది. పాగా గట్టిగా బిగిసి ఉండడంతో కారింది తక్కువ. కారినంత మేరా రంగులో కలిసిపోయింది. జట్కాలో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాం. సగం దారి కూడా దాటకముందే వాడు పోయాడు. డాక్టరు చూసి, బస్సు దిగిన వెంటనే తెచ్చి ఉంటే ఏమో అన్నాడు. ఏమో అన్నాడు, అంతే.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రంగులోనే చేతులు పెట్టిన దాన్ని. నీళ్లు చూసి ఎన్నో నీళ్లో చెప్పగలిగిన దాన్ని. నెత్తురు వేడిగా, జిగటగా ఉంటుంది. రంగు అట్లా ఉండదు. నా కొంగుకు అంటింది వేడిగా ఉందో లేదో నేను చూడలేదు. చూడాలనుకోలేదు.

ఆ తరువాతి రోజుల్లో పల్లెల నుంచి జనం వెలిసిపోయిన పాగాలు పట్టుకుని తిట్టడానికే వచ్చారు. మా ఇంట్లో చావు సంగతి వీధి మలుపులోనే తెలిసేది. తెలిసినవాళ్లు ఒక్క మాటా అనకుండా పాగా సంఘం గడప మీద పెట్టి వెనక్కి తిరిగిపోయేవారు. ఎవరూ డబ్బు అడగలేదు. గడప మీద ఎర్రటి గుట్ట పెరిగింది. తిట్టి ఉంటే సంఘం బతికేదేమో, తిట్టేవాడు మళ్లీ వస్తాడు. వీళ్లు మళ్లీ రాలేదు. సెక్రెటరీ ఎక్కడికో బదిలీ అయిపోయాడు. రేకుల ఇల్లు ఎరువుల గోదాం అయింది.

పదోనాడు పుట్టింటివాళ్లతో కోసిగికి పోతూ మా వదిన నా దగ్గర ఆగింది. కోపం లేదు, ఏడుపు లేదు. "నువ్వు రంగు పనిదానివి గదా, నువ్వు సెప్తే నిజమే అనుకుంటిని" అంది. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది. సంఘం గురించీ జనం అనుకున్నది అదే కదా. మా నాయన ఆ తరువాత తొమ్మిదేళ్లు బతికాడు. ఆయన మళ్లీ ఎవరి ముందూ గిన్నె ఎత్తలేదు. ఆ రాగి చెంబు మా ఇంట్లో మళ్లీ కనిపించలేదు.

నాకు యాభై దాటినాక ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే క్లాసులు పెట్టారు. బోర్డుల మీదివి, బస్సుల మీదివి కూడబలుక్కోవడం వచ్చిన ఒకరోజు, ట్రంకు పెట్టె అడుగు నుంచి మా అన్న పాగా తీశాను. నేను వేసిన ముద్రే. వేళ్లతో తడుముకుంటూ చదివాను. "రంగు పోదు. పూచీ మాది." ఇది చదవడానికా నేను అక్షరాలు నేర్చుకున్నాను అనిపించింది. ఆ రోజు నాకు ఒకటిగా కనిపించిన రంగునూ నెత్తురునూ కాలం ఎప్పుడో విడదీసింది. రంగంతా వెలిసి గుడ్డ దాదాపు తెల్లబడింది. ఒక్కచోట మాత్రం, అరచేయంత మేర, నల్లగా మచ్చ ఉంది. అది పోలేదు.

ఇప్పుడు దేన్నయినా నమ్మడానికి మా మనవరాలు ఫోనులో దానికి ఎన్ని చుక్కలు ఇచ్చారో చూస్తుంది. వేలమంది మంచిదన్నారు అవ్వా అంటుంది. వాళ్లెవరో దానికి తెలియదు, అదెవరో వాళ్లకు తెలియదు. బాగాలేకపోతే వెనక్కి పంపేస్తే సరిపోతుందట, ఎవరి మొహమూ చూడనక్కరలేదట. అది తప్పని నేను అనను. ఒక మనిషి గొంతు మీద ఊరంతా ఆనుకోవడం ఎంత బరువో, ఆ గొంతు ఒక్కసారి అబద్ధం మింగితే ఏమవుతుందో చూసినదాన్ని. అయినా, మన ఎదుట నిలబడి తాగి చూపించే మనిషి లేకుండా పోయాడే అని కూడా అనిపిస్తుంది. ఈ రెండూ ఒకేసారి ఎట్లా అనిపిస్తాయో నాకు తెలియదు.

మొన్న బండ మీద నుంచి నన్ను లేపి నిలబెట్టి, ఆ పిల్ల అడిగింది. "నీకు తెలుసు గదవ్వా, ఇంక రెండుసార్లు జాడిస్తే నీళ్లు తేరుకుంటాయా, పంపించేయాల్నా?" రంగు సంగతి నన్ను అడిగినవాళ్లు డెబ్బై ఏళ్లుగా ఎవరూ లేరు. చెప్పబోయి ఆగాను.

"నా మాట నమ్మాకు. లోపలికి పోయి తెల్ల గిన్నె తే, పోసి నువ్వే చూడు" అన్నాను.