మా ఇంట్లో తాగేదెవరు

పెళ్లయిన కొత్తలో మావారు సోడా తాగినా మొహం చిట్లించేవారు. మావైపు, కోస్తాలో, అప్పుడు మద్యనిషేధం. హైదరాబాదుకు బదిలీ అయి చిక్కడపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాక, బ్రాందీ జలుబుకు మంచిదని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆ జలుబు ఆరేళ్లు తగ్గలేదు.

అరవై తొమ్మిదిలో ఆయన కడుపునొప్పికి మందు తేవడానికి నేను నల్లకుంటలో డాక్టరుగారి దగ్గరికి వెళితే, కాంపౌండరు చీటీ చూడగానే సంగతి పట్టేశాడు. "ఈ మందుతోని ఆ మందు ఆగదక్కా," అన్నాడు. నారాయణగూడలో ఒక బడిలో, ఆదివారం నాలుగింటికి, తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారట. ఫీజు లేదు, పేరు అడగరు. పొట్లం కాగితం మీద దారి గీసిచ్చాడు.

ఇంటికొచ్చి చెబితే మావారు నవ్వారు. తాగుబోతులైతే వెళ్లాలి గానీ తనకెందుకన్నారు. ఆదివారం భోంచేసి పడుకున్నారు. నాకు పంతం వచ్చింది. అక్కడ ఏం చెబుతారో నేనే విని వచ్చి ఈయనకు వినిపిద్దామని, పాపను ఇంటావిడకు అప్పగించి, గుడికని చెప్పి బయల్దేరాను.

దారి గీసిన కాంపౌండరుకు కుడీ ఎడమా తెలియవు. మొదట ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తేలాను. అక్కడాయన కొత్తగా చేరడానికి వచ్చాననుకుని మిషను ముందు కూర్చోబెట్టాడు. కాదని చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. రెండు వరసలు కొట్టి, వేలు నొప్పని లేచి వచ్చేశాను.

ఆ ఏడు ఊళ్లో తెలంగాణ గొడవల వల్ల బళ్లు నెలల తరబడి మూతబడి ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా దొరికిన ఆ బడిలో ఒక్క గదిలోనే మనుషులున్నారు. ఆరుగురు మగవాళ్లు, ఒకటో తరగతి బెంచీల మీద, మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన అంబర్‌పేట మనిషి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు.

"ఎన్నేండ్ల సంది, బిడ్డా?" అనడిగాడు పెద్దాయన.

"ఆరేళ్లండీ."

రోజూనా అంటే రోజూ అన్నాను. మానాలని చూడలేదా అంటే, ఉగాదికి మానేసి పది రోజులకే మళ్లీ మొదలైందన్నాను. పొద్దు వాలితే చేతులు ఆగవనీ, అది పడందే అన్నం సయించదనీ చెప్పాను. భర్త పేరెత్తడం అటుంచి, పరాయి మగవాళ్ల ముందు 'మావారు' అనడానికి కూడా నోరు రాని రోజులవి. ఎవరన్నది మింగేసి మిగతాదంతా చెప్పడం మాకు అలవాటు. తెలుగులో అది చక్కగా సాగుతుంది కూడా.

పెద్దాయన కళ్లొత్తుకున్నాడు. "ఆడబిడ్డవై ఉండి ఇంత ఖుల్లగ ఒప్పుకున్నవ్. నీ ముంగట మేమెంత," అన్నాడు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో ఎవరో చేతిలో చాయ్ గ్లాసు పెట్టారు. ఆరేళ్ల గోలను మధ్యలో అడ్డుపడకుండా ఒకరు వినడం అదే మొదలు. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను.

వచ్చే వారమూ చెప్పలేదు. పైగా, సీసా బియ్యం డబ్బా వెనక ఉంటుందనీ, చోటు మారినప్పుడల్లా వెతకడానికి రెండు రోజులు పడుతుందనీ వివరించాను. పెద్దాయన నావంక కాస్త వింతగా చూసి తలూపాడు. మూడో వారం మా ఇల్లెక్కడో కూడా అడిగి తెలుసుకున్నాడు.

నాలుగో ఆదివారం పాపకు జ్వరమొచ్చి వెళ్లలేదు. మంగళవారం సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పుతుండగా పెద్దాయన మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"బిడ్డ మొన్న ఐతారం రాలే సారూ. మల్ల షురువైందేమోనని పరేషానయిన," అన్నాడు.

"ఏం షురువైంది?" అన్నారు మావారు.

"తాగుడు."

ఆ తర్వాత పావుగంట ఆయన మావారికి ఓపిగ్గా నచ్చజెప్పాడు. భార్యను కోప్పడొద్దన్నాడు. చుట్టాల కోసమైనా ఇంట్లో సీసా ఉంచొద్దన్నాడు, ముఖ్యంగా బియ్యం డబ్బా వెనక. మావారు విప్పిన చొక్కా చేత్తో పట్టుకుని నిలబడే విన్నారు. ఇంటావిడ కుళాయి కట్టేసి మరీ విన్నది. ఆమె ఎవరికీ చెప్పలేదు, ఆ వీధివాళ్లకు తప్ప. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడేటప్పుడు మొహం దగ్గరగా పెట్టి వాసన చూసేది.

పెద్దాయన వెళ్లాక కేకలు పడతాయనుకున్నాను. మావారు మంచం మీద కూర్చుని, అక్కడ నేనేం చెప్పానో అంతా చెప్పమన్నారు. చెప్పాను. విని, "ఇంత ఉందా?" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

అయినా పరువు పరువే. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా మీద పడ్డ మచ్చ తుడవడానికి నాతో వచ్చారు. గదిలో అందరి ముందూ నిలబడి, "మా ఆవిడ జన్మలో తాగలేదు. తాగేది నేను," అన్నారు.

"మాకెర్కే సారూ, కూసోండ్రి," అన్నాడు పెద్దాయన. తర్వాత నావైపు తిరిగి, "దాసినోనికి ఎతుకులాట ఉంటదా, బిడ్డా?" అన్నాడు నెమ్మదిగా. రెండో వారమే ఆయనకు తెలిసిపోయిందన్నమాట.

మావారు ఆ రోజుతో మానలేదు. దసరాకు ఒకసారి జారారు, మరుసటి వేసవిలో ఇంకోసారి. రెండుసార్లూ పెద్దాయన వచ్చి తీసుకెళ్లాడు. బళ్లు తెరిచాక ఆ మనుషులు అశోక్‌నగర్‌లో ఒకరి వరండాలో కలుసుకునేవారు. మూడో ఏడు మొదలయ్యేసరికి నేను సీసాలు వెతకడం మానేశాను.

నిజం చెప్పొద్దూ, నేను చెప్పుకునే చోటును మావారు పట్టుకుపోయారని కొన్నాళ్లు ఉక్రోషంగా ఉండేది. ఆ మాటే ఆయనతో అన్నాను. అయితే ఆదివారం పొద్దున తనకు చెప్పమన్నారు, అడ్డు రాకుండా వింటానన్నారు. మొదటి వారం అరగంట విన్నారు. పై వారం పావుగంటకే పేపరు విప్పారు.