టీబీ తగ్గాక కిక్‌బాక్సింగ్ క్లాసుకు

ఆఫీసు మెట్లెక్కుతుంటే కుడి డొక్కలో సూదితో పొడిచినట్టయింది. ఆరేళ్ల కిందట, తొంభై ఒకటిలో సంగతి. నాకప్పుడు ముప్పై ఏళ్లు. మాది కొల్లాపూర్‌లో మగ్గం నేసే కుటుంబం. నేను మహబూబ్‌నగర్‌లో టైపిస్టుగా చేస్తూ, గది కిరాయికి తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని.

రోజూ సాయంత్రానికి జ్వరం వచ్చేది. పది రోజులు మందుల షాపు మాత్రలతో నెట్టి, చివరికి దవాఖానకు వెళ్లాను.

"ప్లూరల్ ఎఫ్యూజన్. ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరినయి. టీబీ ఇది" అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూస్తూ. వీపులో సూది గుచ్చి నీళ్లు తీస్తున్నప్పుడు పక్కన మనవాళ్లెవరూ లేరు. బల్ల అంచు పట్టుకున్నాను. ఆ రోజే నెలల తరబడి మింగాల్సిన టీబీ మాత్రలు మొదలయ్యాయి.

మూడో నెలకు జ్వరం పోయి ఆకలి పుట్టింది. తగ్గిపోయిందనుకుని మాత్రలు ఆపేశాను. నెలన్నరకే మళ్లీ జ్వరం, ఈసారి దగ్గు కూడా.

"ఎవలు ఆపమన్నరు నిన్ను?" అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. కోర్సు మళ్లీ మొదటినుంచి.

అక్క ఇంటికి వెళ్తే పిల్లల్ని లోపలి గదిలోకి పంపేది. ఆఫీసులో నా కుర్చీని కిటికీ పక్కకు జరిపి "గాలి మంచిగొస్తది" అన్నారు. నాడి చూసే డాక్టరమ్మ తప్ప ఏడాదికి పైగా నన్నెవరూ ముట్టుకోలేదు.

కోర్సు ముగిసిన రోజు ఆమె చెప్పింది. "స్పుటమ్ నెగెటివ్, తెమడల క్రిములు లేవు. ఇగ నీ నుంచి ఎవలకూ అంటదు. ఫికర్ చెయ్యకు. కసరత్తు చెయ్యి, ఊపిరి పెరగాలె."

నడక మొదలుపెట్టాను. ఒంటరిగా నడిచి ఒంటరిగా తిరిగి రావడం నాలుగు రోజులకే విసుగనిపించింది. బస్టాండు గోడ మీద రెండు ప్రకటనలు కనిపించాయి. మొదటిది కరాటే. అక్కడి సారు ఆర్నెల్లలో బెల్టు ఇప్పిస్తానన్నాడు కానీ, జబ్బు మాట చెప్పగానే "పిల్లలుంటరమ్మా, వాళ్ల అమ్మానాయినలు ఏమంటరో" అన్నాడు. రెండోది కిక్‌బాక్సింగ్. ఒక బడి వెనక రేకుల షెడ్డులో, పొద్దున ఆడవాళ్లకు. మాస్టర్ ఖలీల్ భాయ్ నా జబ్బు సంగతంతా విన్నాడు.

"డాక్టర్ చిట్టీ తీస్కరా. రెండ్రోజులు ఊకె కూసోని చూడు. నచ్చితే చేరు."

కూర్చుని చూశాను. ఒకామె ఆయాసపడి కూలబడింది. ఎవరూ నవ్వలేదు. మాస్టర్ ఆమె లేచేదాకా ఆగాడు. అక్కడే చేరాలనుకున్నాను. డాక్టరమ్మ నవ్వుకుంటూ చిట్టీ రాసింది. "తన్నుడు నేర్చుకుంటవా? నేర్చుకో. పక్కల నొస్తే మాత్రం ఆపు."

మొదటి రోజు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడటం, పిడికిళ్లు చెంపల దగ్గర పెట్టుకోవడం నేర్పారు. తర్వాత తాడాట. ఇరవై దుముకులకే దగ్గు తన్నుకొచ్చింది. అందరూ నావైపు తిరిగారు. ఆ చూపులు నాకు అలవాటే అనిపించి, చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఎనిమిది రోజులు వెళ్లలేదు. ఎందుకు రాలేదని అడగడానికి ఎవరూ రాలేదు. నా గది ఎవరికీ తెలియదు కూడా. తొమ్మిదో రోజు నా అంతట నేనే వెళ్లాను.

ఖలీల్ భాయ్ లోపలికి రమ్మని తల ఊపాడు. "రెహానా, గీమెకు ప్యాడ్లు పట్టు" అన్నాడు. రెహానా బట్టలు కుట్టే మనిషి, నా ఈడుదే. దెబ్బలు కాచే మెత్తటి ప్యాడ్లు చేతులకు తొడుక్కుంది.

"నాకు టీబీ ఉండె. తగ్గింది" అన్నాను.

"తగ్గింది గదా? అయితే కొట్టు. జర గట్టిగ. నేనేమన్న గాజు బొమ్మనా?"

కొట్టాను. ఆమె ప్యాడ్ తీసి చంకలో పెట్టుకుని, నా మణికట్టు పట్టుకుని సరిచేసింది. "వంచకు, బెణుకుతది." ఆ చెయ్యి నా మీద రెండు క్షణాలు కూడా ఉండి ఉండదు. నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకున్నట్టు ముఖం తుడుచుకున్నాను.

ఇప్పటికి నాలుగేళ్లు. రెండేసి నిమిషాల రౌండ్లు మూడు ఆగకుండా చేస్తాను. అక్క ఇంట్లో పాత చనువు తిరిగి రాలేదు. ఆదివారాలు ఇప్పటికీ గడవవు. కానీ వారంలో మూడు పొద్దులు, నేను ఆలస్యమైతే "ఏదీ, ఇంక రాలేదా?" అని అడిగేవాళ్లున్నారు.

నాలాంటి వారికి ఒక్క మాట. మాత్రలు ఆఖరిదాకా మింగండి. తర్వాత ఏ క్లాసులో చేరాలన్నా జబ్బు సంగతి దాచకుండా మొదటి రోజే చెప్పండి. వద్దనేవాళ్లు అప్పుడే వద్దంటారు. రమ్మన్నవాళ్ల దగ్గర మీరు భయపడకుండా దగ్గవచ్చు.