రెండు దగ్గులు, ఒక క్యాబు

బుల్లిబాబుగారు రెండు దగ్గుల్ని ఒక వరసలో కూర్చోనివ్వరు. గచ్చిబౌలిలో బయల్దేరి రాయదుర్గం చేరే ఆఫీసు క్యాబులో సీట్లు పంచే పెత్తనం ఎవరూ ఇవ్వకుండానే తీసుకున్నారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ మనిషి, తప్పులు వెతకడమే ఆయన కూడు.

"నీది పొడి దగ్గు, ముందుకి పద. నీది కఫం, వెనక్కి!"

అదే క్యాబులో వెళ్లే ఉమాశ్రీకి ఒళ్లు మండేది. అందర్నీ అటూ ఇటూ తోసే మనిషి, ఆమె పక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు. తనకేదో అంటురోగం ఉన్నట్టు! అసలే ఇంట్లో అమ్మకి కేన్సర్ మందులు నడుస్తున్నాయి. చిన్న జలుబు కూడా గడప దాటి రాకూడదన్నారు డాక్టర్లు. ఆ బెంగ ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు, పైగా ఈయన చాదస్తం ఒకటి.

ఆ రోజు పొద్దున్నే ముసురు. మబ్బు కిందికి దిగి అద్దాల మేడల పైఅంతస్తులన్నీ మాయమయ్యాయి. కింది సగాలే రోడ్డు పక్కన నిలబడి ఉన్నాయి. ట్రాఫిక్‌లో క్యాబు ఆగిపోయింది. బుల్లిబాబుగారు గొంతు తగ్గించారు.

"ఫ్లూ వైరస్‌లో జన్యువులు ముక్కలు ముక్కలుగా ఉంటాయండి. రెండు రకాల ఫ్లూలు ఒకే మనిషిలో, ఒకే కణంలో దూరాయనుకోండి, రెండు పేకలు కలిపేసినట్టే. ఏ ముక్క ఎవరిదో తెలీదు. లోపలికెళ్లినవి రెండు, బయటికొచ్చేది మూడోది. దాని మొహం మన ఒంటికి తెలీదు."

క్యాబులో గాలి పీల్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వెనక సీట్లో సందీప్ ఆపుకోలేక దగ్గాడు.

"ఒకటి," అని చెవి రిక్కించారు.

ఇంకో దగ్గు వినిపించింది, లోతుగా, ఎక్కడో దగ్గర్లోనే.

"రెండు. ఎవరండీ అది?"

ఎవరూ ఒప్పుకోలేదు. "నేను గాదు సార్," అన్నాడు డ్రైవర్ నర్సింహ.

మళ్లీ వచ్చింది. ఈసారి అందరూ చూశారు. కదిలింది బుల్లిబాబుగారి భుజాలే!

ఆయన మొహం పాలిపోయింది. తలుపు తీసి వానలోకి దిగిపోయారు.

"ఇదేం పిచ్చి!" అంది ఉమాశ్రీ.

"పిచ్చి గాదు మేడం," అన్నాడు నర్సింహ. "మీరు ఓనాడు బండ్ల అమ్మ గురించి ఫోన్ల ఏడ్చిన్రు గద, ఆయన విన్నడు. గప్పటిసంది మీ పక్కకు ఏ దగ్గునీ రానియ్యలే. నాకు జర తుమ్మొచ్చినా ఆ పూట బండి ఇంకోనికియ్యమన్నడు."

ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు ఉమాశ్రీకి సిగ్గేసింది. అద్దం దించింది.

"ఎక్కండి బుల్లిబాబుగారూ, తడిసిపోతారు!"

"లోపల ఒకటుందండీ!" అని దూరం నుంచే అరిచారు. "నేనెక్కితే రెండవుతాయి!"

ఆమె పూల గొడుగు చాచింది. ఆయన దగ్గరికి రాలేదు. "ఆ రోడ్డు పక్క కమ్మీకి తగిలించండి. మీరెళ్లాక తీసుకుంటా."

తగిలించింది. క్యాబు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గొడుగు పిడిని రుమాలుతో శుభ్రంగా తుడిచి, విప్పుకుని నడుస్తున్నారు. పక్కన పోయేవాడెవడో దగ్గాడు కాబోలు, పూల గొడుగు ఒక్క పరుగున రోడ్డు దాటేసింది.