మొవ్వ దారిలో ఊక చల్లిన రోజు

మా తోడల్లుణ్ణి రోడ్డు గ్యాంగులో చేర్పించింది నేను. ఈ సంగతి ముందే చెప్పుకుంటున్నాను, తర్వాత ఎవరూ చెప్పలేదు కనుక.

అతను మా ఆవిడ చెల్లెలి భర్త. నాకంటే నాలుగేళ్ళు చిన్న. బందరులో లారీలకు బస్తాలు ఎత్తుకుంటూ ఉంటే, మా మేస్త్రీ వెంట ఆరు నెలలు తిరిగి కూలీల మస్టర్లో పేరు రాయించాను. చేరిన నెలకే మేస్త్రీ, అతను ఒకే అగ్గిపుల్లతో చుట్టలు ముట్టించుకునేవాళ్ళు. నాకు ఆ మేస్త్రీ ఎనిమిదేళ్ళలో ఒక్క చుట్ట ఇవ్వలేదు.

గుడివాడ దగ్గర మా అత్తగారి ఊళ్ళోనూ అదే వరస. పెద్దల్లుణ్ణి నేను వెళ్తే వంకాయ కూర. అతను వస్తున్నాడని కబురొస్తే బొమ్మిడాయి చేపల పులుసు. ఓసారి ఇద్దరం కలిసి వెళ్ళాం. గిన్నె ముందు అటు వెళ్ళింది. నా విస్తట్లోకి తోకలు వచ్చాయి.

"చిన్నోడు కదయ్యా, తిననీ" అంది అత్తగారు.

ముప్పై ఏళ్ళవాడు చిన్నోడు ఎలా అవుతాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పామర్రు దాటి మొవ్వ వైపు వెళ్ళే రోడ్డు మా గ్యాంగుది. తొమ్మిదిమందిమి, అందరం మస్టరు కూలీలం. మేస్త్రీ ఒక్కడిదే పర్మినెంటు ఉద్యోగం. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత దివిసీమకి లారీలు వరస కట్టాయి. మొదట బియ్యం, బట్టలు, వెదురుబొంగులు. తర్వాత కొత్త కాలనీలకు సిమెంటు, రేకులు. ఎక్కడెక్కడి డ్రైవర్లో, మా మలుపులు తెలియనివాళ్ళు. తూము గోడలకు గుద్దేవాళ్ళు, బోదెల్లోకి దిగేవాళ్ళు. లారీని వాళ్ళ మనుషులు లాక్కుపోతారు. దాని కింద కారినదంతా మాకు మిగిలేది. డీజిలు, ఇంజనాయిలు, ఒక్కోసారి బ్యాటరీ యాసిడ్. యాసిడ్‌కైతే సున్నం చల్లేవాళ్ళం. నూనెకే మందు తెలియదు. అలా వదిలేస్తే తారు మెత్తబడి గుంట పడుతుంది. నీళ్ళు కొడితే బోదెలోకి పోతుంది, ఆ బోదె నీళ్ళే ఊళ్ళో చెరువుకి. మట్టి పోస్తే బురదై ఇంకా జారుతుంది. అయినా మట్టే పోసేవాళ్ళం.

మా ఇంట్లో ఊక పొయ్యి. ఒకరోజు నూనె గిన్నె ఒలికితే మా ఆవిడ దాని మీద ఇంత ఊక బూడిద పోసి, కాసేపాగి చీపురుతో ఎత్తేసింది. నేలమీద జిడ్డు లేదు. మర్నాడే తూము దగ్గర ఒక లారీకి ఆయిల్ ఛాంబరు పగిలింది. రైసుమిల్లు వెనక నల్లటి బూడిద గుట్ట ఉంటుందని నేనే చెప్పాను. సైకిలు మీద రెండు సంచులు నేనే తెచ్చాను. నూనె చుట్టూ మట్టిగట్టు వేసి, మధ్యలో బూడిద పోసి, అది నూనె పీల్చుకున్నాక పారతో ఎత్తి, పైన పొడి ఇసుక చల్లాలి. ఇదంతా వాళ్ళకు చూపించి మూడో సంచికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇంజనీరుగారి జీపు వచ్చి వెళ్ళిపోయింది. ఆయన రోడ్డు మీద బూటు రాసి చూసి, పార పట్టుకుని నిలబడ్డ మా తోడల్లుడి భుజం తట్టారట.

"ఎవరు నేర్పారని అడగలేదా?" అన్నాను.

"అడగలేదు అన్నయ్యా. భేష్ అని పోయారు."

"నువ్వు చెప్పలేదా?"

"అడగందే ఏం చెప్తాం?"

ఆ రోజు నుంచి ఆఫీసులో బూడిద మనిషంటే అతనే. నేను ఊరుకోలేదు. రెండు ఠావుల అర్జీ రాసి ఇంజనీరుగారికి పోస్టు చేశాను. పోస్టు చేసే ముందు మా ఆవిడ అది చదివించుకుని నవ్వింది.

"ఏమయ్యా, బూడిద ఎవరి పొయ్యిలో లేదు? దానికీ అర్జీయేనా? అలా అయితే పేరు నాది రాయాలి."

వారం తర్వాత మేస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు. "చెరుకు కోతలు అయ్యేలోగా నేను రిటైరవుతున్నాను. నా చోటుకి మీ తోడల్లుళ్ళిద్దరి పేర్లూ అనుకుంటున్నారు. పని చూసి నిర్ణయిస్తారట. కాగితాలు చూసి కాదని నీతో చెప్పమన్నారు."

పర్మినెంటు ఉద్యోగం. అతనికి వస్తే నేను అతని కింద తట్ట మోయాలి. మా అత్తగారింట్లో ఇక నాకు తోకలు కూడా రావనుకున్నాను.

ఆ పని చూసే రోజు రానే వచ్చింది. ఒక ఉదయం మొవ్వ దగ్గర మలుపులో రేకుల లారీ చెరుకు బండిని తప్పించబోయి కిలోమీటరు రాయికి గుద్దింది. మనుషులకు ఏమీ కాలేదు. డీజిల్ ట్యాంకు మాత్రం చీలిపోయింది. మేస్త్రీ గుడివాడ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడున్నది నేను, ఇంకో ముగ్గురు. బూడిద సంచులన్నీ పామర్రు వైపు షెడ్డులో, మా తోడల్లుడి దగ్గర.

"సైకిలేసుకుని వెళ్ళి చెప్పనా? బండి కట్టించుకొస్తాడు" అన్నాడు ఒకడు.

"అక్కర్లేదు" అన్నాను.

అతను బూడిద తెచ్చి చల్లితే ఆ పనీ అతనిదే అవుతుంది. మలుపు పక్కన ఇటుక బట్టీలో ఊక గుట్ట ఉంది. కాల్చని ఊక. అదే తెచ్చి చల్లమన్నాను. ఊక నూనె తాగదని, తడిసి చక్రం కింద జారుతుందని గ్యాంగులో అందరికంటే నాకే బాగా తెలుసు. తెలిసే చల్లించాను. ఇసుక కలిపితే సరిపోతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక బస్సు వెళ్ళింది. రెండు ఎడ్లబండ్లు వెళ్ళాయి. తర్వాత సైకిలుకి రెండు పాలబిందెలు కట్టుకుని ఒకతను వచ్చాడు. ముందు చక్రం పక్కకి పోయింది. మనిషి బిందెలతో సహా పడ్డాడు. జబ్బ ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

మేము అతన్ని లేవనెత్తుతుండగానే మా తోడల్లుడు బండితో వచ్చాడు. బస్సు కండక్టరు చెప్పాడట. బూడిద సంచులు దింపించి, బండిలో తన కండువా పరిచి, పాలతన్ని పామర్రు ఆసుపత్రికి పంపాడు. తర్వాత చీపురు అందుకుని ఊక ఊడ్చాడు. నేనూ ఊడ్చాను. బూడిద పోస్తుండగా జీపు ఆగింది.

ఇంజనీరుగారు పాలమరక చూశారు, పక్కన పోసిన ఊక చూశారు. "ఊక చల్లిన తెలివైనవాడు ఎవరోయ్?"

మా తోడల్లుడు తల వంచుకుని, "దగ్గర్లో అదే దొరికిందండి, తొందర్లో చల్లాం" అన్నాడు.

ఉదయం అతను ఇక్కడ లేనే లేడు. నా తప్పులో తనూ వచ్చి నిలబడుతున్నాడు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ అతను దయ తలిస్తే నేను మేస్త్రీనవ్వడమా? అది మాత్రం నేను మింగలేకపోయాను.

"అతను లేడండి. నేను చల్లించాను. బూడిద కావాలంటే వచ్చేది, నేనే వద్దన్నాను" అన్నాను.

దాన్ని నిజాయితీ అన్నవాళ్ళు ఉన్నారు. కాదు. అతని చేతి నీళ్ళు తాగకూడదనే పంతం. ఇంజనీరుగారు జీపెక్కారు.

పాలతన్ని చూడ్డానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. చెయ్యి కట్టు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. వాళ్ళావిడ నాకు మజ్జిగ ఇచ్చింది. తప్పు నాదేనని చెప్పాను. "పోనీలెండి, కావాలని చేస్తారా" అన్నాడు. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాను. వచ్చేటప్పుడు మాత్రం, "ఆ కండువా పరిచినాయన బావున్నారా? ఆయన్ని ఓసారి రమ్మనండి, జున్ను పెడతాం" అన్నాడు. నేను ఆ కబురు చెప్పలేదు.

మేస్త్రీ ఉద్యోగం అతనికే వచ్చింది. మొదటి రోజు మస్టరు పిలిచాక అందరినీ షెడ్డు ముందు నిలబెట్టాడు. కొత్తగా చేరిన ముగ్గురు కూలీలు ఉన్నారు. మా షెడ్డు ఎదుటే ఏదో లారీ ఆయిలు కార్చుకుంటూ పోయింది.

"ఈ బూడిద పని మన రోడ్డు మీద మొదలెట్టింది అన్నయ్య. ఆఫీసులో నా పేరు చెప్పుకుంటున్నారు గానీ, నాకు నేర్పింది ఈయనే. చూసి నేర్చుకోండి" అని పార నా చేతికిచ్చాడు.

నా రెండు ఠావుల అర్జీలో నేను అడిగింది ఆ ఒక్క మాటే. దాన్ని ఆనాడే జీపు దగ్గర చెప్పి ఉంటే ఈ మస్టరు పుస్తకం ఎవరి చంకలో ఉండేదో. ఇప్పుడు ఉద్యోగం వచ్చాక చెప్పడానికి అతనికి పోయేదేముంది? మా వాళ్ళందరూ మాత్రం అతని మంచితనానికి తలలూపారు. బూడిద నాది, మెప్పు మళ్ళీ అతనిది.

నేను గట్టు వేశాను, బూడిద పోశాను, ఆగాను, ఎత్తాను. అంత శుభ్రంగా ఎప్పుడూ చేయలేదు. అతను వంగి రోడ్డు మీద వేలు రాసి, మరక లేని వేలు కొత్తవాళ్ళకి చూపించాడు.

"అన్నయ్యా, కాస్త కూర్చో, టీ తెప్పిస్తాను" అన్నాడు.

నాకు టీ అలవాటు లేదని చెప్పి, తట్ట ఎత్తుకుని రెండో మైలు వైపు నడిచాను. అలవాటు ఉంది. అతనికీ తెలుసు.