మా ఆయన పొరబడిన ఒక్క పేరు

మా ఆయన అల్ఫోన్స్ బడిపంతులుగా రిటైరైన మర్నాటి నుంచి ఫాదర్ గారింట్లోనే మకాం పెట్టారు. అక్కడి బీరువాలో మూడొందల ఏళ్ళ చర్చి పుస్తకాలున్నాయి: బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు. కోడి కెలికినట్టుండే ఆ పాత రాత జర్మనీలోని మా వెస్ట్‌ఫాలియా పల్లెల్లో ఆయనొక్కరికే కొట్టినపిండి. భోజనానికి రమ్మని కబురు పెడితే, "వస్తున్నా, ఈవిడ పురుడు కానియ్యి," అనేవారు. ఆవిడ పోయి రెండొందల ఏళ్ళు.

పందొమ్మిది వందల డెబ్భై నాలుగులో బ్రెజిల్ నుంచి అర్నో తెగేడర్ అనే ఆయన వచ్చాడు. అరవై రెండేళ్ళ వడ్రంగి. తాత బెర్న్‌ట్ తెగేడర్ మా ఊరి నుంచే వెళ్ళాడట. "మా నాన్న ఒక్కడే కొడుకు, నేనూ ఒక్కణ్ణే. నా రక్తసంబంధీకులు ఇక్కడ ఎవరైనా మిగిలారేమో చూసిపెట్టండి పంతులుగారూ," అని టోపీ చేత్తో పట్టుకుని అడిగాడు.

అల్ఫోన్స్ ఒక్క పూటలో తేల్చేశారు. 1846లో తెగేడర్ల కమతంలో బెర్న్‌ట్ అనే పిల్లాడికి బాప్తిస్మం అయింది. ఆదివారం ఆ కమతం వాళ్ళు అర్నోని బల్ల దగ్గర కూర్చోబెట్టి పందిమాంసం, చిక్కుడుగింజలు వడ్డించారు. అతను ఏడ్చాడు, వాళ్ళూ ఏడ్చారు. మా ఆయన రెండు గ్లాసుల సారా పుచ్చుకుని పాడుకుంటూ ఇంటికొచ్చారు.

నాలుగేళ్ళ తర్వాత ఇంకెవరి కోసమో ఖననాల పుస్తకం తిప్పుతుంటే, ఆ బెర్న్‌ట్ పుట్టిన మూడో వారంలోనే పోయాడని కనిపించింది. ఆ రోజు ఆయన ముద్ద ముట్టలేదు.

"మరి బ్రెజిల్ వెళ్ళిందెవరు?" అన్నాను.

"రోట్మన్ అనే కూలివాడి కొడుకు, అతని పేరూ బెర్న్‌టే. తెగేడర్ల ఇంటి విధవరాలిని చేసుకున్నాడు. కమతానికి ఇల్లరికం వెళ్తే ఆ కమతం పేరే తగులుకుంటుంది కదా. ఆవిడ పురిట్లో బిడ్డతో సహా పోయింది. కమతం మొదటి మొగుడి పిల్లలకి పోయింది. ఇతను ఆ పేరొక్కటీ మోసుకుని ఓడెక్కాడు. అర్నో నాన్న అక్కడ రెండో పెళ్ళికి పుట్టినవాడు." తల కొట్టుకున్నారు. "ఇంటిపేరు నమ్మకండి, ముందు పెళ్ళిళ్ళ పుస్తకం చూడండని వచ్చిన ప్రతివాడికీ నేనే చెప్తాను తెరేసియా. నేనే చూడలేదు."

రోట్మన్ల ఇంట్లో ఇప్పుడు మిగిలింది మిల్లు పక్కన ఒంటరిగా ఉండే మటిల్డె. ఆమె తాత, అర్నో తాత సొంత అన్నదమ్ములు. ఆమెకి నా అనేవాళ్ళు లేరని ఊరంతటికీ తెలుసు.

"రేపే ఇద్దరికీ చెప్పేస్తాను," అన్నారాయన.

"చెప్పి ఏం బావుకుంటారు? తెగేడర్లు బ్రెజిల్‌లో ఉన్న అతనికి ఏటా క్రిస్మస్‌కి పార్శిల్ పంపుతున్నారు. వాళ్ళ మొహం ఎలా చూస్తారు? పంతులుగారికి చదవడం రాదని ఊరంతా నవ్వుతుంది," అన్నాను.

నవ్వితే నాకేం పోయేది? ఆయన భార్యనని చర్చిలో తలెత్తుకుని కూర్చునే అలవాటు నాది, అంతే. ఆయన మెత్తని మనిషి. మరోసారి మాట ఎత్తారు, మళ్ళీ కసిరాను. ఊరుకున్నారు.

రెండేళ్ళకి చలికాలంలో మటిల్డె మంచం పట్టింది. నేను సూప్ తీసుకెళ్ళేదాన్ని. మా వైపు శవపేటిక మోసేది ఇరుగుపొరుగు. దాని వెనక మొదటి వరసలో నడిచేది మాత్రం రక్తసంబంధీకులే.

"నా వెనక ఎవరు నడుస్తారే తెరేసియా?" అంది ఒకరోజు చెంచా పక్కన పెట్టి.

"ఊరంతా నడుస్తాం అక్కా. ముందు సూప్ తాగు."

"ఊరు నడిచేది రెండో వరసలో కదుటే," అని నవ్వింది.

నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పదకొండు రోజులకి పోయింది. పేటిక వెనక నాలుగడుగుల జాగా వదిలి మేమందరం నడిచాం. మా ఆయన దారి పొడుగునా ఆ జాగా కేసే చూశారు. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా అర్నోకి జరిగిందంతా రాశారు. ఈసారి నేను అడ్డు చెప్పలేదు.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. తప్పు గురించి ఒక్క మాట లేదు. "తెలిసుంటే రంపం అక్కడే పడేసి వచ్చేవాణ్ణి. నేనున్నానని ఆమెకి తెలుసా? అదొక్కటీ రాయండి," అని ఉంది.

అల్ఫోన్స్ కలం పట్టుకున్నారు. "తెలుసని రాయనా?" అన్నారు నా కేసి చూడకుండా. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అబద్ధం రాస్తాననడం అదే మొదలు. అదీ నా కోసం.

ఆయన చేతిలోంచి కలం తీసుకున్నాను. "తెలియదు. ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నేను చెప్పలేదు," అని రాసి, కింద నా పేరు పెట్టాను.