మా అత్తగారి పంక్తిలో చిన్న ఆకు

మా అత్తగారు పోయారు. బడిలో మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తుండగా మా మరిది సైకిలు మీద వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మ పోయిందండి వదినగారూ" అన్నాడు. పొద్దున్న చద్దన్నం తిని, మధ్యాహ్నానికి పనసపొట్టు కూర చెయ్యమని పురమాయించి, అరుగు మీద నడుం వాల్చారట. మళ్ళీ లేవలేదు. దారంతా ఏడుస్తూనే వెళ్ళాను గాని, మధ్యలో ఒక చోట నవ్వు కూడా వచ్చింది. పనసపొట్టు కూర వండించుకుని తినకుండా వెళ్ళిపోవడం ఆవిడ స్వభావం కాదు. యముడు చాలా గట్టిగా పిలిచి ఉండాలి.

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆవిడ ఓపిక గురించి, భక్తి గురించి చెప్పుకున్నారు. నిజం చెప్పాలంటే ఆవిడకు ఆ రెండూ అంతంతమాత్రమే. ఆవిడకు తిండి ఇష్టం. వేడి అన్నంలో ముద్దపప్పు వేసుకుని, నడుమ గుంట చేసి నెయ్యి పోయించుకుని, లోకంలో ఇంకే పనీ లేనట్టు నిదానంగా కలుపుకునేవారు. ఆ కలపడం చూస్తే అప్పుడే తిని లేచినవాళ్ళకు కూడా ఆకలి వేసేది. కొత్తకోడలిగా నేను కొంచెం కొంచెం వడ్డించుకుంటుంటే, "తిండి దగ్గర మొహమాటం పడితే కడుపు నీ మాట వినదమ్మాయ్" అని ఇంకో గరిటె వేసేవారు.

నేను ఈ రోజు పంతులమ్మనై ఉన్నానంటే ఆవిడ తిండి ఇష్టమే కారణం. వినడానికి వింతగా ఉంటుంది, కాని జరిగింది అదే.

యుద్ధం ముగిసిన కొన్నాళ్ళకు సంగతి. స్కూలు ఫైనలు పాసై ఇంట్లో కూర్చున్న నాకు రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. జూన్‌లో చేరాలి, హాస్టల్లో ఉండాలి, పిల్లల్ని రానివ్వరు. అమలాపురంలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలకు మాత్రం ఇంటికి వచ్చే మావారు వెళ్ళమనే అన్నారు. చిక్కంతా మా పెద్దవాడి దగ్గర వచ్చింది. వాడికి రెండేళ్ళు నిండాయి. నా చేత్తో తప్ప తినడు. అదీ ఇంట్లో కాదు, కాలవ గట్టు మీద.

ఆ అలవాటు చేసింది నేనే. గిన్నె పట్టుకుని వాడి వెనక కొబ్బరితోటంతా తిరగలేక, ఒక రోజు కాలవలో పోయే పడవను చూపించి ముద్ద పెట్టాను. నోరు తెరిచాడు. ఇంకేం, పడవకో ముద్ద. కొబ్బరికాయల పడవకొకటి, ధాన్యం పడవకొకటి, తెరచాప ఉంటే కొంచెం పెద్ద ముద్ద. పడవలు పలచబడిన రోజున ఒకే పడవను ముందు ఒకసారి, వెనక ఒకసారి చూపించి రెండు ముద్దలు గిట్టించుకునేదాన్ని. పడవవాళ్ళకు కూడా మేం తెలిసిపోయి, మమ్మల్ని చూస్తే గెడకర్రతో పడవ తొయ్యడం నెమ్మది చేసేవారు.

వేసవిలో కాలవలు కట్టేస్తారని నాకు తెలియక కాదు. ఈ సీమలోనే పుట్టి పెరిగిన దాన్ని. ముద్దకూ పడవకూ ముడి పెట్టేటప్పుడు మాత్రం ఆ సంగతి బుర్రకు తట్టలేదు. ఏడాదికోసారి కట్టేసినట్టే ఆ ఏడూ కట్టేశారు. నీళ్ళు తీసేశాయి. ఉన్న పడవల్ని గట్టు మీద బోర్లించి తారు పూస్తున్నారు. మావాడు బురద వైపు చూశాడు, నా చేతిలో ముద్ద వైపు చూశాడు, మూతి బిగించేశాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి కాగితం పడవ నడిపాను. అది పడవే కాదన్నట్టు చూశాడు. వాడపల్లి వెంకన్నకు మొక్కుకున్నాను. వాడు పాల మీదే రోజులు వెళ్ళదీస్తున్నాడు.

చివరికి ఒక సాయంత్రం మా అత్తగారి దగ్గర కూర్చుని, సీటు వద్దని చెప్పించేస్తానన్నాను. ఆవిడ వక్కలు కత్తిరించడం ఆపలేదు.

"నువ్వెళ్ళు. వాడు నాతో తింటాడు. మీ మావగారు పోయిన దగ్గర్నించీ ఒక్కదాన్నే తింటున్నాను. నువ్వేమో వడ్డించి నా తరవాత తింటావాయె. నాకూ పంక్తిలో ఎవరో ఒకరు కావాలి."

మర్నాడు ఆవిడ ఆకుకు ఎదురుగా చిన్న అరటాకు ముక్క వేయించారు. కంచమైతే బోర్లిస్తాడని ఆవిడ భయం. వాడి ఆకులో కొంచెం పప్పన్నం, ఒక గుమ్మడి వడియం పెట్టించి, ఎవరి ముద్ద వాళ్ళే తినాలని చెప్పి, నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. కన్నతల్లి చూపంత దిష్టి ఇంకొకటి లేదట. "ఆయ్" అని తిరిగి కూర్చున్నాను. వాడు నా కొంగు లాగి ఏడ్చాడు. ఆవిడ తింటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. వాడు ఆకు చింపేసి నిద్రపోయాడు. ఆ పూటా తినలేదు, మర్నాడూ తినలేదు. ఇంత రాతి గుండె ఏమిటి ఈవిడది అని నాకు లోపల మండిపోయింది. తరవాత విస్తళ్ళు తీస్తూ చూస్తే, ఆవిడ ఆకులో సగం అన్నం అలాగే ఉంది. ఆవిడ ఆకులో మెతుకు మిగలడం నేను చూడటం అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఆ పై రోజు గోడ వైపు కూర్చున్న నాకు కరకరమని వడియం నమిలిన చప్పుడు వినిపించింది. అది ఆవిడది. కాసేపటికి ఇంకో కరకర, చాలా చిన్నది. నా పక్కన తోమిపెట్టిన ఇత్తడి చెంబు అద్దంలా మెరుస్తోంది. అందులోకి చూశాను. మావాడు వడియం ముక్కతో పప్పన్నం తవ్వుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆ చెయ్యి ఎడమ చెయ్యి. "అయ్యో, ఎడం చేత్తో తింటున్నాడండీ" అనేశాను.

"కుడీ ఎడమా తరవాత చూసుకుందాం. ముందా చెంబు తీసి అవతల పెట్టు" అన్నారావిడ.

తల్లి దిష్టి నిజంగా అంత చెడ్డదా అని ఎప్పుడో తీరిగ్గా అడిగితే, అది ఉందో లేదో తనకు తెలియదనీ, నేను వాడి నోటి వంక అలా చూస్తుంటే తనకే ముద్ద దిగలేదనీ చెప్పారు.

అప్పటినుంచి ఆ ఇద్దరి భోజనం ఒక వేడుక. మావాడు చెవుల దాకా అన్నం పూసుకునేవాడు. వాళ్ళ నాయనమ్మ వేళ్ళు నాకితే వాడూ నాకేవాడు, ఆవిడ త్రేనిస్తే వాడూ త్రేనిచ్చేవాడు. మామిడిపళ్ళు వచ్చాక ఇద్దరికీ మోచేతుల దాకా రసమే. తిన్నాక ఇద్దరినీ నూతి దగ్గరకు తీసుకెళ్ళి కడగడం నా పని.

నా ప్రయాణం రోజు రానే వచ్చింది. పొద్దున్నే వాళ్ళిద్దరికీ వడ్డించాను. వాడు నా వంక కన్నెత్తి చూడలేదు, పప్పన్నంలో మునిగిపోయి ఉన్నాడు. అదే కదా నేను కోరుకున్నది. అయినా నాకు ఏడుపు వచ్చింది. ఆ తరవాత ఆకు ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాను గాని ముద్ద ఎత్తలేకపోయాను. మా అత్తగారు చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన చతికిలబడి, నా ఆకు తన ముందుకు లాక్కున్నారు. పప్పు, నెయ్యి, ఆవకాయ కలిపి ముద్ద చేశారు.

"నోరు తెరు" అన్నారు.

"ఎవరి ముద్ద వాళ్ళే తినాలన్నారు కదండీ?"

"వాడు నేర్చుకోవాలి. నువ్వు వెళ్ళాలి. తిను."

ఆవిడ ముద్దలు చాలా పెద్దవి. బుగ్గ నిండిపోయి, నెయ్యి గడ్డం మీదికి కారుతుంటే, మావాడు తన ఆకు దగ్గర నుంచి నన్ను చూసి పకపకా నవ్వుతున్నాడు. ఆవిడ ఎవరి వంకా చూడకుండా, తల వంచుకుని, నిదానంగా రెండో ముద్ద కలుపుతున్నారు.