జగన్మోహనరావు తెలుగు వేషం

జగన్మోహనరావుకి వేషాలు కొత్త కాదు. జీవితంలో ముప్పాతిక వంతు లండన్‌లో వేషాలు కట్టే బతికాడు. సింగపూర్‌లోని తంజోంగ్ పగార్ రేవులో మూటలు మోసిన వెంకటసుబ్బయ్య కొడుకతను. మీసకట్టు వచ్చీరాని వయసులో ఓడలో వంటవాడికి సాయంగా వెళ్లి, ఇంగ్లండులో దిగిపోయాడు. పగలు హోటల్లో గిన్నెలు కడుగుతూ, సాయంత్రాలు నటన నేర్చుకున్నాడు. అక్కడి రంగస్థలం మీద ఒకే ఒక్కసారి రాజు వేషం దక్కింది. పత్రికలు ఆ గొంతును ఆకాశానికెత్తాయి. రాజు మళ్లీ రాలేదు. ఆపైన టీవీలోనూ సినిమాల్లోనూ కొట్టువాడు, డాక్టరు, బస్సు కండక్టరు. "ఇంకాస్త ఇండియన్‌గా మాట్లాడండి" అనేవారు దర్శకులు. తనది కాని యాసను నాలుకకు అతికించుకుని మాట్లాడేవాడు.

రెండువేల సంవత్సరం మొదట్లో, మోకాలి ఆపరేషనైన అక్క కమలాదేవికి తోడుగా ఉండడానికి మళ్లీ సింగపూర్‌కి, యీషున్‌లోని ఆమె ఫ్లాటుకు వచ్చాడు. పై అంతస్తులో సుచిత్ర ఉండేది. విజయవాడ అమ్మాయి, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం. అప్పట్లో విమానం దిగిన ప్రతి పదిమందిలో ఒకరు కంప్యూటరు మనిషే అన్నట్టుండేది. వాళ్లలో తెలుగువాళ్లంతా కలిసి ఉగాదికి నాటకం వేస్తున్నారు.

"అంకుల్, బ్రిటిష్ యాక్టర్ మా లిఫ్టులోనే ఉన్నారని తెలీలేదు! జమీందారు వేషం మీరే వెయ్యాలి, ప్లీజ్."

సరేనన్నాడు. లిఫ్టు దిగాకే అసలు సంగతి గుర్తొచ్చింది. అతనికి తెలుగు చదవడం రాదు. వచ్చిన తెలుగంతా అమ్మ నూకాలమ్మ దగ్గర విన్నదే, అదీ చిన్నప్పుడు.

ఊరికి ఇంకో మూల, బుకిట్ బటోక్‌లో మొదటి రిహార్సల్. మాటలు చదివి వినిపించమని అడిగి, ఒక ముక్క తిరిగి అప్పజెప్పాడో లేదో, కొడుకు వేషం వేస్తున్న కృష్ణచైతన్య ఫక్కున నవ్వాడు.

"'ఏటి సేత్తన్నావు' ఏంటంకుల్! జమీందారు అలా మాట్లాడడు కదా."

జగన్మోహనరావు కూడా నవ్వాడు. చెవులు మాత్రం కాలిపోయాయి. అక్కడ లేని యాస పెట్టుకోమన్నారు. ఇక్కడ ఉన్న యాస తీసెయ్యమంటున్నారు.

సుచిత్ర చేత మాటలన్నీ క్యాసెట్‌లో రికార్డు చేయించుకుని, చిలకలా వల్లించాడు. సగం మాటలకు అర్థం తెలియదు. అడిగితే పరువు పోతుందని అడగలేదు. ఒక్క మాట జారితే వెనక్కి దారి ఉండదని మాత్రం బాగా తెలుసు. అన్నం సహించేది కాదు. రైల్లో పెదాలు కదుపుతుంటే పక్కవాళ్లు జరిగి కూర్చునేవారు.

"ఒరే జగ్గా, ఎవుల గొంతురా అది? నీది కాదు" అంది కమలాదేవి వంటింట్లోంచి.

"నాటకానికి అలాగే కావాలప్పా."

ఉగాది రోజు హాలు నిండింది. ముందు వరుసల్లో పట్టుచీరలు, వాటి మధ్య చేతికర్రతో కమలాదేవి, వెనక వరుసల్లో షిప్‌యార్డు కుర్రాళ్లు. మొదటి రంగం గండం గడిచింది. కొడుకును ఇంట్లోంచి గెంటేసే రంగంలో కృష్ణచైతన్య కంగారుపడి ఒక మాట దాటేశాడు. అంతే, జగన్మోహనరావు బుర్రలో క్యాసెట్ తెగిపోయింది. పక్కనుంచి సుచిత్ర అందిస్తోంది. ఆ మాటలు చెవిన పడుతున్నాయి గానీ నోటికి ఎక్కడం లేదు. హాల్లో ఎవరో దగ్గారు.

"ఎల్లిపో" అన్నాడు చివరికి. "నీ మొగం నాను సూడనేను. ఎల్లిపో."

నవ్వులు లేచాయి. కృష్ణచైతన్య ఏం చెయ్యాలో తెలియక గుమ్మం వైపు నడిచాడు.

"ఆగు. ఓ ముద్ద తినీసి ఎల్లు."

అది నూకాలమ్మ మాట. ఓడ ఎక్కే రోజు అతనితో అన్న మాట. తినకుండానే వెళ్లాడు. ముద్ద పెడుతున్నట్టు కొడుకు వైపు చెయ్యి చాచాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. తెర దించేశారు.

తెర వెనక కుర్చీలో కూలబడ్డాడు. చప్పట్లు వినిపించాయి గానీ, అవి మెచ్చుకోలో జాలో తేల్చుకోలేకపోయాడు. సుచిత్ర మంచినీళ్లు తెచ్చి, "పర్లేదంకుల్" అంది. ఆ "పర్లేదు" అతన్ని ఇంకా కుంగదీసింది.

కాసేపటికి షిప్‌యార్డు కుర్రాళ్లిద్దరు మొహమాటంగా వచ్చారు. వాళ్లలో గణపతి అనేవాడు అడిగాడు. "మాట్టారూ, తమరిది మావైపే. ఏ ఊరండీ?"

జగన్మోహనరావు తెర వెనక్కి వచ్చిన అక్క వైపు చూశాడు. కమలాదేవి కళ్లు తుడుచుకుంటోంది.

"నానెప్పుడూ అడగనేదురా. టెక్కలి దాటాక అనీవోడు నాన్న, అంతే."

"ఫర్లేదండీ, మేం కనుక్కుంతాం" అన్నాడు గణపతి.

ఆ మరుసటి ఏడాది కంపెనీలు మూతపడ్డాయి. సుచిత్ర వాళ్లలో సగంమంది తిరిగి వెళ్లిపోయారు. నాటకం వేసేవాళ్లు లేకపోయారు. లండన్ నుంచి కొట్టువాడి వేషానికి కబురొస్తే, ఈసారి జగన్మోహనరావు వెళ్లలేదు. ఆదివారాలు గణపతి వాళ్లు యీషున్ వచ్చి, టెక్కలి దాటాక వచ్చే ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పేవారు. ఏదైనా విన్నట్టుందా అని అతను అక్క ముఖంలోకి ఆత్రంగా చూసేవాడు.